చుట్టుకునే దోమల మెష్: అసలు కాపలా అంచుల్లోనే

రాధిక: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో కిటికీలకు పెట్టే చుట్టుకునే మెష్ గురించి మాట్లాడుకుందాం. కావాలంటే లాగి దించుకుంటాం, వద్దనుకుంటే పైనున్న పెట్టెలోకి వెళ్లిపోతుంది, అదే. ఇవి అమర్చడమే వృత్తిగా ఉన్న మాధవరావు గారు మనతో ఉన్నారు. మాధవరావు గారూ, నమస్కారం.

మాధవరావు: నమస్కారం అమ్మా.

రాధిక: చట్రానికి శాశ్వతంగా బిగించే మెష్ ఎప్పటినుంచో ఉంది కదా. తక్కువ ఖర్చు, తక్కువ తంటా. మరి ఈ చుట్టుకునేది ఎందుకు?

మాధవరావు: మీ కిటికీ రెక్క ఎటు తెరుచుకుంటుందో చూడండి, జవాబు అక్కడే ఉంది. రెక్క బయటికి తెరుచుకునేదైతే మెష్ లోపలివైపు పెట్టాలి. ఇప్పుడు వాన మొదలైంది, గాలికి రెక్క కొట్టుకుంటోంది. దాన్ని లాగి మూయాలంటే గడియ మెష్‌కు అవతల ఉంది! అందుకే చాలామంది మెష్‌ను ఒక మూల కోసి చెయ్యి పట్టేంత సందు చేసుకుంటారు. దోమలకూ అదే సందు. చుట్టుకునే మెష్ ఈ ఇబ్బంది తీర్చడానికే ఉంది. పైకి వదిలితే రెక్క అందుతుంది, మూసేసి మళ్లీ దించుకోవచ్చు.

రాధిక: లోపలికి తెరుచుకునే కిటికీలకైతే?

మాధవరావు: వాటికి మెష్ బయటివైపు వస్తుంది. ఎండావానా దానిమీదే పడతాయి. కాబట్టి అక్కర్లేని రోజుల్లో పెట్టెలోకి చుట్టేస్తే ఎక్కువకాలం మన్నుతుంది. ఇక జరిపే కిటికీలకు వేరే చిక్కు ఉంది. చాలావాటికి సగభాగానికే మెష్ రెక్క ఇస్తారు. అద్దం పూర్తిగా జరపకుండా మధ్యలో ఆపారంటే రెండు అద్దాల నడుమ నిలువునా ఖాళీ ఏర్పడుతుంది. మెష్ రెక్క ఆ ఖాళీని మూయలేదు. ఇంట్లోవాళ్లేమో మెష్ ఉండి కూడా దోమలెలా వస్తున్నాయని తలపట్టుకుంటారు. కిటికీ మొత్తాన్ని కప్పేలా చుట్టుకునే మెష్ వేస్తే ఆ గొడవ ఉండదు.

రాధిక: ఇందులో రెండు రకాలు చూశాను. ఒకటి రోలర్, రెండోది విసనకర్రలా మడతలు పడేది. తేడా ఏమిటి?

మాధవరావు: రోలర్‌లో పైన పెట్టె, పెట్టెలో గొట్టం, గొట్టం లోపల చుట్టలు తిరిగిన స్ప్రింగు ఉంటాయి. మీరు కింది పట్టీ పట్టుకుని లాగుతుంటే మెష్ విప్పుకుంటుంది, స్ప్రింగు మెలి పడుతూ బిగుస్తుంది. కింద కొక్కేనికి తగిలిస్తే ఆగుతుంది. కొక్కెం తీస్తే స్ప్రింగు తన మెలి వదులుకుంటూ మెష్‌ను పైకి చుట్టేస్తుంది. మంచి వాటిలో వేగం తగ్గించే చిన్న బ్రేకు కూడా ఉంటుంది. అది లేకపోతే పట్టీ పైకి దూసుకుపోయి పెట్టెకు ఠపీమని కొట్టుకుంటుంది. అలా కొన్నాళ్లు కొట్టుకుంటే ప్లాస్టిక్ మూతలు పగులుతాయి. బ్రేకు ఉన్నా లేకున్నా పట్టీని చేత్తో పట్టుకుని పైదాకా సాగనంపడమే మంచిది.

రాధిక: మడతల రకం?

మాధవరావు: దానిలో స్ప్రింగు ఉండదు. మెష్ ఎక్కువగా పాలిస్టర్, మడతలు నిలిచేలా తయారు చేస్తారు. ఆ మడతల గుండా సన్నని దారాలు బిగువుగా వెళ్తాయి. పట్టీ ఒక చివర ముందుకీ ఇంకో చివర వెనక్కీ పోకుండా సమంగా కదిలేది ఆ దారాల వల్లే. ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. వెడల్పు కిటికీలకు, బాల్కనీ తలుపులకు నేను దీన్నే ఎంచుకుంటాను. దారం మూల తిరిగేచోట అరిగి తెగుతుంది, కానీ దారాలు మార్చుకోవచ్చు. మెష్ అంతా పారేయనక్కర్లేదు.

రాధిక: ఇక మెష్ సంగతి. కన్ను, అంటే పోగుల మధ్య రంధ్రం, ఎంత చిన్నదైతే అంత మంచిది కదా? నేనైతే అన్నిటికన్నా సన్నని కన్నున్నదే అడుగుతాను.

మాధవరావు: అందరూ అదే అడుగుతారు. నేను మాత్రం ఒప్పుకోను. మామూలుగా దొరికే మెష్‌లో అంగుళానికి ఒక దిక్కున 18, ఇంకో దిక్కున 16 పోగులుంటాయి. పోగు మందం సుమారు 0.28 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే ఒక్కో కన్ను సుమారు 1.1 మిల్లీమీటర్లు ఒకవైపు, 1.3 మిల్లీమీటర్లు మరోవైపు. దోమను ఆపడానికి ఇది చాలు. మెష్ మొత్తంలో మూడింట రెండు వంతులు ఖాళీయే కాబట్టి గాలి బాగానే వస్తుంది. అదే పోగుతో రెండు దిక్కులా అంగుళానికి 20 చొప్పున నేస్తే ఖాళీ సుమారు 60 శాతానికి తగ్గుతుంది. పైగా సన్నని కన్ను దుమ్ముతో త్వరగా పూడుతుంది. గాలి మెల్లగా వీచే రాత్రి ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. ఉక్క భరించలేక చివరికి మెష్ పైకి ఎత్తేస్తారు. అప్పుడు ఎంత సన్నని కన్నైతే ఏం లాభం?

రాధిక: నుసుములు ఎక్కువగా ఉండే చోటైతే?

మాధవరావు: అక్కడ సన్న కన్ను తప్పదు, ఒప్పుకుంటాను. మామూలు మెష్‌లోంచి నుసుములు దూరతాయి. ఇసుక ఈగలు కూడా దోమకన్నా బాగా చిన్నవి. అలాంటి చోట గాలి కొంత తగ్గినా సరే. తక్కిన ఇళ్లకు మామూలు కన్ను తీసుకుని, మిగిలిన శ్రద్ధ అంచులమీద పెట్టమంటాను. నా పనిలో నాకు బాగా అర్థమైన సంగతి ఇదే. దోమ మెష్‌లోంచి రాదమ్మా, మెష్ పక్కనుంచి వస్తుంది.

రాధిక: పక్కనుంచి అంటే?

మాధవరావు: రోలర్ మెష్ రెండు పక్కలా గాడుల్లో నడుస్తుంది. గాడి లోపల సన్నటి వెంట్రుకల బ్రష్ పట్టీ ఉంటుంది. మెష్ అంచు ఆ వెంట్రుకల మధ్య ఇరుక్కుని కదలాలి. కొత్తలో బాగానే ఉంటుంది. కొన్నాళ్లకు వెంట్రుకలు వంగిపోతాయి, దుమ్ము పట్టి ముద్దవుతాయి. గాలి గట్టిగా వీస్తే మెష్ తెరచాపలా ఉబ్బి అంచు గాడిలోంచి బయటికి వచ్చేస్తుంది. వెంటనే చూసి సర్దుకోకపోతే రాత్రంతా అలాగే ఉంటుంది. గాలి ఎక్కువగా కొట్టే కిటికీలకు అంచు పట్టి ఉండే రకం కొనండి. వాటిలో మెష్ అంచుకు జిప్పు పళ్లలాంటి పట్టీ అతికి ఉంటుంది, అది గాడిలోనే నడుస్తుంది, బయటికి రాలేదు.

రాధిక: మరి మనింట్లో అంచులు సరిగా ఉన్నాయో లేదో తెలిసేదెలా?

మాధవరావు: చీకటి పడ్డాక గదిలో దీపం ఆర్పండి. మెష్ దించి ఉండాలి. బయటినుంచి ఎవరినైనా టార్చి పట్టుకుని నాలుగు అంచుల వెంబడీ మెల్లగా పోనివ్వమనండి. పైఅంతస్తు కిటికీ అయితే మనిషి బయటినుంచి చేయలేడు, బయటికి వంగకూడదు కూడా. అప్పుడు పగటిపూట గదిని చీకటి చేసి చూడండి. మెష్ గుండా వెలుతురు పలచగా, ఒకేలా వస్తుంది. అంచు దగ్గర మాత్రం తెల్లని గీతలా మెరిసిందంటే అక్కడ సందు ఉన్నట్టే. రెండు మిల్లీమీటర్ల సందు చాలు, మెష్ కన్నుకన్నా అది పెద్దది. నాకు అలాంటి గీత ఎక్కువగా కింది పట్టీ మూలల్లో కనిపిస్తుంది. కిటికీ గడప చాలాచోట్ల కట్టడంలోనే ఒకవైపు కొంచెం దిగి ఉంటుంది. పట్టీ తిన్నగా ఉంటుంది కాబట్టి ఒక మూల ఆనుతుంది, ఇంకో మూల లేస్తుంది.

రాధిక: అంటే కొలత తీసేటప్పుడే ఇది చూసుకోవాలన్నమాట.

మాధవరావు: అక్కడే చూడాలి. వెడల్పు పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలవాలి. చట్రం లోపల అమర్చేటట్టయితే మూడింటిలో చిన్న కొలతే తీసుకోవాలి. ఎత్తు ఎడమా కుడీ రెండూ. తర్వాత మూల నుంచి మూలకు ఐమూలగా రెండు కొలతలు తీసి పోల్చండి. రెండూ ఒకటైతే చట్రం సరిగ్గా ఉంది. తేడా ఉంటే గాడి వెనక, అంటే గోడకూ గాడికీ నడుమ, సన్న పట్టీ పెట్టి సరిచేసి, మిగిలిన సందుకు సిలికాన్ పూయాలి. ఆ పని చేయకుండా మరలు బిగించి వెళ్లిపోతే మెష్ ఎంత ఖరీదైనదైనా దండగే. ఇంకొకటి, జరిపే కిటికీల కింద నీరు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు. వాటిలోంచి కూడా దోమలొస్తాయి. సిలికాన్‌తో మూసేశారంటే వాన నీరు లోపలికి ఎక్కుతుంది, కాబట్టి వాటిమీద చిన్న మెష్ ముక్క అతికించాలి.

రాధిక: కిటికీకి మెష్ వేస్తే నిజంగా జబ్బులు తగ్గుతాయా అని చాలామందికి సందేహం. దీనికి ఒక పాత ప్రయోగం ఉంది కదా?

మాధవరావు: ఉంది, నాకెంతో ఇష్టమైన కథ. దోమ కుట్టడం వల్లే మలేరియా వస్తుందన్న సంగతి అప్పుడప్పుడే రుజువవుతున్న రోజులు. 1900లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఒక ప్రయోగం ఏర్పాటు చేశాడు. ఇటలీలో రోమ్ దగ్గర ఓస్టియా అనే ప్రాంతం ఉంది. చిత్తడి నేలలు, ఆ రోజుల్లో మలేరియాకు పెట్టింది పేరు. అక్కడ తలుపులకూ కిటికీలకూ తీగ జాలీ బిగించిన చెక్క గుడిసె కట్టించి, లూయీ సాంబన్, జార్జ్ కార్మైకేల్ లో అనే ఇద్దరు వైద్యులు, వాళ్లతోపాటు మరికొందరు జూలై నుంచి అక్టోబరు దాకా ఉన్నారు. మలేరియా మందైన క్వినైన్ ముట్టలేదు. పగలంతా మామూలుగా బయట తిరిగేవాళ్లు. సూర్యాస్తమయానికి ముందే లోపలికి వచ్చేసి, తెల్లవారి పొద్దు పొడిచాకే బయటికి వెళ్లేవాళ్లు. వాళ్లకు మలేరియా రాలేదు.

రాధిక: జాలీ ఒక్కటే కాదు, వేళ కూడా పాటించారు.

మాధవరావు: అదే ఇందులో గొప్ప సంగతి. బిగించిన జాలీ మనం మరిచిపోయినా అక్కడే ఉంటుంది. చుట్టుకునేది మనం దించితేనే ఉంటుంది. అందుకే దీన్ని కొన్నవాళ్లకు వేళ ముఖ్యం. మలేరియా దోమలు ఎక్కువగా రాత్రిపూట కుడతాయి. డెంగీని మోసే ఏడిస్ దోమ అయితే పగలే కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్నే, మళ్లీ సాయంత్రం చీకటి పడే ముందు. అంటే దీపాలు పెట్టాక మెష్ దించితే సరిపోదు. కిటికీ తెరిచి ఉన్నంతసేపూ దించి ఉండాలి. నా మాట ఏమిటంటే, కిటికీ తెరవాలంటే ముందు మెష్ సంగతి చూసుకోవడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి.

రాధిక: మెష్‌మీద దోమలు వాలి ఉండగా పైకి చుట్టేస్తే అవి పెట్టెలోకి పోవా?

మాధవరావు: పోతాయి. దోమ మన ఊపిరిని, ఒంటి వాసనను పట్టుకుని వస్తుంది. ఆ వాసన మెష్ గుండానే బయటికి వెళ్తుంది కాబట్టి వచ్చి మెష్‌మీదే వాలుతుంది. ఎత్తే ముందు లోపలినుంచి వేళ్లతో రెండుసార్లు తట్టండి, ఎగిరిపోతాయి. మంచి రకాల్లో పెట్టె మూతి దగ్గర కూడా బ్రష్ ఉంటుంది, పురుగులను అక్కడే అడ్డుకుంటుంది. ఇంకో మాట. మంచం కిటికీని ఆనించి ఉంటే నిద్రలో చెయ్యి మెష్‌కు తగులుతుంది. దోమ అవతలినుంచే కన్నులోంచి కుడుతుంది. మంచం కాస్త దూరం జరపండి.

రాధిక: రంగు గురించి అడగకుండా ఉండలేను. తెల్లది శుభ్రంగా కనిపిస్తుందని చాలామంది తెల్లదే తీసుకుంటారు.

మాధవరావు: బయటి దృశ్యం కనిపించాలంటే నలుపో, ముదురు బూడిద రంగో తీసుకోండి. తెల్ల పోగుమీద వెలుతురు పడి మన కంటికే తిరిగి వస్తుంది, మెష్ పొగమంచులా అడ్డంగా కనిపిస్తుంది. నల్లది కంటికి ఆనదు.

రాధిక: శుభ్రం చేయడం?

మాధవరావు: మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడవాలి. బాగా ఆరాకే చుట్టాలి. తడి మెష్‌ను పెట్టెలోకి పంపితే బూజు పడుతుంది. గాడులకు నూనె మాత్రం వేయకండి. మొదట జారుతుంది, తర్వాత దుమ్మును పట్టుకుని జిగురులా తయారవుతుంది. పొడిగా ఉండే సిలికాన్ స్ప్రే చాలు.

రాధిక: చిన్నపిల్లలున్న ఇళ్ల గురించి ఒక మాట చెప్పండి.

మాధవరావు: ఇది గట్టిగానే చెప్పాలి. దోమల మెష్ పిల్లలను ఆపదు. పిల్లవాడు ఆనుకుంటే గాడిలోంచి ఊడి వచ్చేస్తుంది, ఆ ఊడటంతోపాటే పిల్లవాడు కూడా పడిపోతాడు. మెష్ ఉంది కదా అనే ధీమా ఇంకా ప్రమాదం. ఎత్తులో ఉన్న కిటికీలకు ఊచలో, తెరుచుకునే మేరను కట్టడి చేసే గడియో విడిగా ఉండి తీరాలి. కిటికీ కింద బల్లలు, కుర్చీలు ఉంచకూడదు.

రాధిక: ఆఖరి ప్రశ్న. కొన్నేళ్లకు రోలర్ పూర్తిగా చుట్టుకోక మధ్యలోనే వేలాడుతుంది. స్ప్రింగు పోయినట్టేనా?

మాధవరావు: చాలాసార్లు పోదు. ముందు గాడులు శుభ్రం చేసి చూడండి, దుమ్ము వల్ల కూడా అలా ఆగుతుంది. అప్పటికీ వేలాడుతుంటే స్ప్రింగు బిగువు తగ్గిందని అర్థం. గొట్టం ఒక చివర ఉండే ఇరుసును కొన్ని చుట్లు తిప్పి మళ్లీ బిగించాలి. ఇరుసును వేళ్లతో పట్టుకోకండి, జారిందంటే గిర్రున తిరిగి వేళ్లు కోస్తుంది. పటకారుతో పట్టుకోవాలి. ఒక్కో చుట్టూ బిగించి, మెష్ లాగి చూసుకుంటూ పోవాలి. మరీ బిగిస్తే ప్రతిసారీ పెట్టెకు గుద్దుకుంటుంది.