కర్మాగారంలో మాటకు దారి: వాకీటాకీల ఫ్రీక్వెన్సీ కేటాయింపుపై నల్లగొండ స్టూడియో చర్చ

నల్లగొండ స్టూడియోలో జరిగిన చర్చకు ఇది అక్షర రూపం. పాల్గొన్న ముగ్గురిలో ఒకరు రేడియో ఫ్రీక్వెన్సీల ప్రణాళికలో చాలా ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఇంజనీరు, ఒకరు సిమెంటు పరిశ్రమలో భద్రతాధికారిణి, మరొకరు క్రేన్ పనుల ఫోర్‌మన్. వారిని వృత్తి పేరుతోనే ఇక్కడ పేర్కొన్నాము.

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసే చోటు నుంచి మఠంపల్లి, మేళ్లచెరువు దాకా సున్నపురాయి దొరికే నేల మీద వరుసగా సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. దామరచర్ల మండలంలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది. అటు జడ్చర్ల పక్కన పోలేపల్లిలో మందుల పరిశ్రమలు, కృష్ణ వెంట ఎత్తిపోతల పంపుహౌస్‌లు ఉన్నాయి. వీటన్నింటిలోనూ వాకీటాకీ లేనిదే షిఫ్ట్ నడవదు. ఆ సెట్‌లో మాట ఏ ఫ్రీక్వెన్సీ మీద నడవాలో ఎవరు నిర్ణయిస్తారు, ఎలా నిర్ణయించాలి అన్నది ఈ రోజు విషయం. ఫోర్‌మన్ గారూ, మీతోనే మొదలుపెడదాం. ఈ విషయం మీకు ఎందుకంత పట్టిందో చెప్పండి.

ఫోర్‌మన్: మరమ్మతుల కోసం ప్లాంటు ఆపిన ఒక షట్‌డౌన్‌లో మేము పెద్ద డక్ట్ (గాలి గొట్టం) ముక్కను దించి ఆనించాము. మా ఫిట్టర్ స్లింగ్ విప్పడానికి కొక్కెం దగ్గర చెయ్యి పెట్టాడు. క్రేన్ ఆపరేటర్‌కు అక్కడి నుంచి మనిషి కనిపించడు, కింద నిలబడి బరువు ఎత్తించే, దింపించే రిగ్గర్ మాటే ఆయనకు కన్ను. సరిగ్గా అప్పుడే సెట్‌లో “లేపు, లేపు” అని గట్టిగా వినిపించింది. ఆపరేటర్ లేపాడు. ఆ మాట మా రిగ్గర్‌ది కాదు. మూడు నాలుగు కిలోమీటర్ల అవతల ఇంకొక చోట పనిచేస్తున్న ముఠా రిగ్గర్ తన క్రేన్‌కు చెప్పుకున్న మాట అది. మా ఫిట్టర్ రెండు వేళ్లు నలిగిపోయాయి. తరువాత విచారిస్తే, మేమూ వాళ్లూ ఒకే రకం సెట్లు కొన్నామని, డబ్బాలోంచి తీసినప్పుడు ఏ ఛానళ్లు ఉన్నాయో ఇద్దరం వాటినే వాడుతున్నామని తేలింది. ఆ ఛానల్‌కు ఏ అనుమతీ లేదు. ఆ రోజు దాకా అనుమతి కావాలన్న సంగతే మాలో ఎవరికీ తెలియదు.

వ్యాఖ్యాత: ఇంజనీరు గారూ, ఇది ఆపరేటర్ తప్పా, సెట్ తప్పా?

ఇంజనీరు: ఇద్దరి తప్పూ కాదు, కేటాయింపు లేకపోవడమే తప్పు. ఫోర్‌మన్ గారు చెప్పిన దానిలో సాంకేతికంగా ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఈ సెట్లు వాడే ఎఫ్‌ఎం పద్ధతిలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు గొంతులూ కలిసి గందరగోళంగా వినిపించవు. ఏ సంకేతం కొంత బలంగా ఉంటే అది రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది. అందువల్ల వినేవాడికి అనుమానం కూడా రాదు, పరాయి మాట తన మాటంత స్పష్టంగా వినిపిస్తుంది. ఎత్తు మీద క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కు దూరం నుంచి వచ్చే సంకేతం అడ్డు లేకుండా అందుతుంది. కింద ఇనుము మధ్యలో నిలబడ్డ సొంత రిగ్గర్ సంకేతమే నీరసంగా అందుతుంది.

ఫోర్‌మన్: ఆ తరువాత మాకు సెట్లు అమ్మినాయన వచ్చి, టోన్ పెడితే చాలు, ఇక పరాయి మాట వినపడదు అన్నాడు.

ఇంజనీరు: టోన్ అంటే మాటతో పాటు వెళ్లే, సెట్ మన చెవిదాకా రానివ్వని మంద్ర స్వరం. సుమారు 67 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఏదో ఒకటి ఎంచుకుంటారు. మన టోన్ ఉన్న సంకేతం వస్తేనే మన సెట్ స్పీకరు తెరుచుకుంటుంది. అయితే అది చెవులు మూసుకోవడమే తప్ప దారి ఖాళీ చేయడం కాదు. అవతలివాళ్లు మాట్లాడుతూనే ఉంటారు, మనకు ఆ సంగతి తెలియదు. మన రిగ్గర్ “ఆపు” అన్న క్షణంలో అవతలి సంకేతం బలంగా ఉంటే ఆ “ఆపు” మునిగిపోతుంది, ఆపరేటర్‌కు నిశ్శబ్దమే వినిపిస్తుంది. పరాయి మాట వినడం కన్నా మన మాట చేరలేదని తెలియకపోవడం ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం. టోన్‌ను రక్షణ అని చెప్పి అమ్మడం న్యాయం కాదు.

వ్యాఖ్యాత: మరి న్యాయమైన దారి ఏది?

ఇంజనీరు: మన దేశంలో ఫ్రీక్వెన్సీల కేటాయింపు కేంద్ర టెలికం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం పని. 1952లో ఏర్పడిన ఆ విభాగాన్ని అందరూ డబ్ల్యూపీసీ అంటారు. ఏ పట్టీ (ఫ్రీక్వెన్సీల వరుస, అంటే బ్యాండ్) ఏ సేవకు అన్నది జాతీయ ఫ్రీక్వెన్సీ కేటాయింపు ప్రణాళికలో ఉంటుంది. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో చేసుకోవాలి. స్థిరంగా యాంటెన్నా నిలబెట్టే చోటుకు సాక్ఫా అనే సలహా సంఘం అనుమతి విడిగా ఉంటుంది. విమానాల రాకపోకలకు, ఇతరుల రేడియోలకు ఆ స్తంభం అడ్డు కాదని అక్కడ చూస్తారు. సెల్‌ఫోన్ కంపెనీల మాదిరిగా వేలం పాడాలేమోనని కొందరు భయపడతారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం మొదటి షెడ్యూలులో వేలం లేకుండా కేటాయించే అవసరాల జాబితా ఉంది, గనుల భద్రత వంటివి అందులో ఉన్నాయి.

కానీ దరఖాస్తు కన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. ఎవరు ఎవరితో మాట్లాడాలి, ఎంత దూరం, రోజులో ఎప్పుడు అన్నది కాగితం మీద పెట్టాలి. మన వాళ్లు ఆ పని చేయకుండా ముందు సెట్లు కొంటారు, ఎవరైనా అడిగాక లైసెన్సు కోసం వెతుకుతారు.

భద్రతాధికారిణి: మా దగ్గర ఆ కాగితం రాయడానికే రెండు వారాలు పట్టింది, ఆ రెండు వారాలు వృథా కాలేదు. కిల్న్ (సిమెంటు బట్టీ) కంట్రోల్ రూమ్‌కూ, బట్టీలోకి పోయే పొడిని వేడిచేసే ప్రీహీటర్ టవర్ మీద మనిషికీ మధ్య మాట నిమిషం కూడా ఆగకూడదు. క్వారీలో డంపర్ల మాట ప్యాకింగ్ విభాగానికి అక్కరలేదు. లారీల గేటు దగ్గర రోజంతా మాట్లాడుతూనే ఉంటారు కాబట్టి వాళ్లను ఇంకెవరితోనూ కలపకూడదు. అప్పటిదాకా అందరూ ఒకే ఛానల్ మీద ఉన్నాము. లారీ నంబర్ల రొదలో అసలు మాట మునిగిపోయేది.

వ్యాఖ్యాత: దూరం సంగతి కూడా చెప్పండి. యాంటెన్నా ఎంత ఎత్తున పెడితే అంత మంచిదని అందరూ అనుకుంటారు కదా.

ఇంజనీరు: నేను గట్టిగా విభేదించేది అక్కడే. రేడియో చూపు మేర యాంటెన్నా ఎత్తుకు వర్గమూలం లెక్కన పెరుగుతుంది. మీటర్లలో ఎత్తు తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే సుమారు కిలోమీటర్లు వస్తాయి. ప్రీహీటర్ టవర్ ఎత్తుగా ఉంది కదా అని 100 మీటర్ల మీద రిపీటర్ (అందిన మాటను మళ్లీ బలంగా పంపే పరికరం) యాంటెన్నా కడితే 41 కిలోమీటర్లు, చేతిలో సెట్ పట్టుకున్న మనిషి ఎత్తుకు మరో 5, మొత్తం 46 కిలోమీటర్ల దాకా చూపు సాగుతుంది. కర్మాగారం మాత్రం రెండు మూడు కిలోమీటర్లలో అయిపోతుంది. అదే 25 మీటర్ల మీద పెడితే దాదాపు 26 కిలోమీటర్లే. వాడపల్లిలో ఏటి ఒడ్డున నిలబడితే అవతలి గట్టు పల్నాడు, అక్కడ కూడా సిమెంటు కర్మాగారాలున్నాయి. నీటి మీదుగా సంకేతానికి అడ్డేమీ ఉండదు, రాష్ట్రం సరిహద్దు రేడియోకు తెలియదు. కేటాయింపు కేంద్రం చేతిలో ఉండడానికి ఇదొక కారణం. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఎగువన ఒకరు అవసరానికి మించి తూము ఎత్తితే చివరి ఆయకట్టు ఎండుతుంది. ఇక్కడ అవసరానికి మించి ఎత్తేది యాంటెన్నాను.

ఖర్చు కోణం కూడా ఉంది. సొంత అవసరాలకు రేడియో వాడేవారి రాయల్టీని చాలా కాలంగా దూరం, ఛానల్ వెడల్పు, ఛానళ్ల సంఖ్య అనే మూడింటి గుణకారంతో లెక్కిస్తున్నారు. అక్కరలేని దూరం అడిగితే అక్కరలేని డబ్బు కట్టవలసి వస్తుంది.

వ్యాఖ్యాత: ఛానళ్లు ఎంచుకోవడంలోనే ఏదో మెలిక ఉందని ముందు మాట్లాడుకున్నప్పుడు అన్నారు.

ఇంజనీరు: ఉంది, అది వినడానికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక ప్లాంటుకు మూడు ఛానళ్లు కావాలనుకుందాం. లెక్క కోసం మాత్రమే 450.100, 450.200, 450.300 మెగాహెర్ట్జ్ అనుకోండి. సమానమైన ఎడంతో ముచ్చటగా కనిపిస్తాయి. కానీ రెండు బలమైన సంకేతాలు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు ట్రాన్స్‌మిటర్‌లో గానీ, రిసీవర్‌లో గానీ, తుప్పు పట్టిన ఇనుప అతుకులో గానీ కలిసి కొత్త సంకేతాన్ని పుట్టిస్తాయి. మధ్యదాన్ని రెండింతలు చేసి మూడోదాన్ని తీసివేయండి. 900.400లోంచి 450.300 పోతే 450.100 వస్తుంది, అంటే సరిగ్గా మొదటి ఛానల్ మీద పడింది. రెండో, మూడో ఛానళ్ల మీద ఇద్దరు మాట్లాడితే మొదటి ఛానల్ వాళ్లకు చెవిలో హోరు. మూడోదాన్ని 450.350కి జరిపితే ఆ తీసివేతలు, కూడికలు ఏవీ ఈ మూడింటి మీద పడవు. అందుకే మంచి కేటాయింపులో అంకెలు అస్తవ్యస్తంగా కనిపిస్తాయి. ఎవరో నిర్లక్ష్యంగా ఇచ్చారనుకొని వాటిని సొంతంగా సర్దుకోకూడదు.

భద్రతాధికారిణి: పట్టీ ఎంపిక గురించి నేను ఒక మాట కలుపుతాను. 150 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో అల పొడవు 2 మీటర్లు, 450 దగ్గర 67 సెంటీమీటర్లు. ఆరుబయట క్వారీలో మొదటిది బాగా సాగుతుంది. ప్లాంటులో దుమ్ము పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లు, పెద్ద మోటార్ల డ్రైవ్‌లు పుట్టించే విద్యుత్ రొద ఆ పట్టీలోనే ఎక్కువ, పైగా ఇనుప మెట్ల సందుల్లోకి రెండోదే బాగా దూరుతుంది. అందుకే మేము ప్లాంటు లోపల యూహెచ్‌ఎఫ్, అంటే ఆ 450 ప్రాంతపు పట్టీ, అడిగాము.

క్వారీలో ఇంకొక జాగ్రత్త ఉంది. విద్యుత్ డిటోనేటర్లు ఉన్న చోట రేడియో శక్తి ఆ తీగలలోకి దిగి పేల్చే అవకాశం ఉంది. సెట్ శక్తిని బట్టి, ఫ్రీక్వెన్సీని బట్టి ఎంత ఎడం పాటించాలో పట్టికలు ఉన్నాయి. తీగలు కట్టే చోట సెట్ నొక్కకూడదని బ్లాస్టర్‌కే కాదు, వాహనంలో సెట్ ఉన్న ప్రతి డ్రైవరుకూ చెప్పాలి.

వ్యాఖ్యాత: జడ్చర్ల నుంచి ఒక ప్రేక్షకుడి ప్రశ్న వచ్చింది. మందుల గోదాములో పది మంది పనిచేస్తారు, దానికి కూడా లైసెన్సు కావాలా, లైసెన్సు అక్కరలేని సెట్లు ఉన్నాయంటారు కదా అని అడిగారు.

ఇంజనీరు: ఉన్నాయి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తి సెట్లకు 2018 నిబంధనల ప్రకారం లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది, సెట్‌కు మాత్రం డబ్ల్యూపీసీ ఆమోదం ఉండాలి. గోదాములో పెట్టెలు సర్దడానికి అది చాలు. కానీ ఆ పట్టీలో ఎవరికీ రక్షణ లేదు. పక్కవాడు అదే ఛానల్ మీద మాట్లాడితే ఫిర్యాదు చేసే హక్కు మీకు ఉండదు. కాబట్టి మనిషి ప్రాణం ఆ మాట మీద ఆధారపడే క్రేన్ పనికి, మంట పనికి నేను దాన్ని సిఫారసు చేయను. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫ్రీక్వెన్సీ పట్టీ, ఆమోదం వివరాలు చూడండి. ఇవి చెప్పకుండా వాకీటాకీలు అమ్మడాన్ని అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

భద్రతాధికారిణి: మందుల పరిశ్రమలో ద్రావకాల డ్రమ్ములు ఉండే చోటికి మామూలు సెట్ అసలు తీసుకుపోకూడదు. నిప్పురవ్వ పుట్టని రకంగా ధ్రువీకరణ పొందిన సెట్, దానికి తగిన బ్యాటరీతోనే ఉండాలి. లైసెన్సు ఉందా లేదా అన్నది వేరు ప్రశ్న, ఈ సెట్ ఆ గదిలోకి పోవచ్చా అన్నది వేరు ప్రశ్న.

వ్యాఖ్యాత: 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో ఎనిమిది మంది చిక్కుకుపోయిన తరువాత, సొరంగం అనగానే లోపలివాళ్లతో మాట ఎలా అన్న ప్రశ్న ఈ ప్రాంతంలో ప్రతి ఒక్కరికీ కలుగుతోంది.

ఇంజనీరు: ఆ కుటుంబాల బాధను మనసులో పెట్టుకొనే చెబుతాను. బయటి యాంటెన్నా నుంచి వచ్చే సంకేతం సొరంగం నోటి దగ్గర కొంత దూరమే పోతుంది, మలుపు తిరిగితే ఆగిపోతుంది. కిలోమీటర్ల లోపలికి మాట పోవాలంటే పొడవునా సన్నని చీలికలున్న ప్రత్యేక కేబుల్ వేయాలి. సంకేతం దానివెంట పోతూ కొంచెం కొంచెంగా బయటికి కారుతుంది, మధ్యమధ్య యాంప్లిఫయర్లు దాన్ని నిలబెడతాయి. కేబుల్ తెగినా రెండో వైపు నుంచి సంకేతం అందేలా వీలున్న చోట చుట్టు మార్గం ఇవ్వాలి. శ్రీశైలం ఎడమగట్టు వంటి భూగర్భ విద్యుత్ కేంద్రాలకు, పాలమూరు ఎత్తిపోతల భూగర్భ పంపుహౌస్‌లకు కూడా ఇదే తర్కం వర్తిస్తుంది. కేటాయింపు పరంగా ఇందులో ఒక మేలు ఉంది. కొండ లోపలి సంకేతం బయటికి రాదు కాబట్టి, బయట ఇంకొకరికి ఇచ్చిన ఫ్రీక్వెన్సీని లోపల తిరిగి ఇవ్వవచ్చు. దరఖాస్తులో ఆ సంగతి స్పష్టంగా రాయాలి.

వ్యాఖ్యాత: డిజిటల్ సెట్లకు మారితే కొరత తీరుతుందా?

ఇంజనీరు: కొంత తీరుతుంది. డీఎంఆర్ అనే డిజిటల్ రేడియో పద్ధతిలో 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌ను 30 మిల్లీసెకన్ల వంతులుగా విడగొడతారు. వారబందీలో నీళ్లు తిప్పినట్టు ఇద్దరి మాటలు వంతులవారీగా ఒకే ఛానల్ మీద పోతాయి.

ఫోర్‌మన్: మా పనిలో మాత్రం సెట్ ఏదైనా, మాటకు ముందు క్రేన్ నంబరు చెప్పాలని నియమం పెట్టుకున్నాము. “మూడో క్రేన్, లేపు” అనాలి. నంబరు లేని మాటకు ఆపరేటర్ కదలడు. “ఆపు”కు మాత్రం నంబరు అక్కరలేదు, ఎవరు అన్నా ఆపాలి. షట్‌డౌన్‌కు వచ్చే ప్రతి కాంట్రాక్టరు సెట్లనూ గేటు దగ్గరే తీసుకొని, ఫ్రీక్వెన్సీ చూసి, రిజిస్టరులో రాసుకొని, ప్లాంటుకు కేటాయించిన ఛానలే ఇస్తున్నారు.

భద్రతాధికారిణి: కేటాయింపు పత్రం వచ్చాక మేము చేసిన మొదటి పని ప్లాంటు అంతా నడవడం. ఒకరు కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నారు, ఇద్దరం సెట్ పట్టుకొని ప్రతి అంతస్తు, ప్రతి కన్వేయర్ సొరంగం తిరుగుతూ మాట అందని చోట గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాము. పదకొండు గుర్తులు తేలాయి. యాంటెన్నాను టవర్ మీది నుంచి దించి సైలో (నిల్వ గోపురం) పక్కకు మార్చాక తొమ్మిది పోయాయి. క్లింకర్ (బట్టీలో కాలిన గడ్డలు) పోయే సొరంగంలో మిగిలిన రెండు చోట్ల తీగ ఫోన్ పెట్టించాము. ఇప్పుడు నెలకు ఒకసారి అదే దారిలో మళ్లీ నడుస్తున్నాము.