మాజీ సైనికుడికి సర్కారు ఇంట్లో ముందు వరస ఎందుకు?

[తెర మీద: సైనిక్‌పురి వీధులు]

నమస్తే. సైనిక్‌పురి, వాయుపురి, డిఫెన్స్ కాలనీ. ఈ పేర్లు వింటే మాజీ సైనికులందరికీ హైదరాబాద్‌లో ఇళ్లున్నాయేమో అనిపిస్తుంది. ఇవాళ అక్కడ వంద గజాలు కొనడం రిటైరైన హవల్దార్ వల్ల అయ్యే పని కాదు.

సిపాయిలు చాలామంది 15, 17 ఏళ్లు పనిచేసి, నలభై దాటకముందే బయటికొస్తారు. క్వార్టర్ ఖాళీ చేయాలి, పిల్లల్ని కొత్త స్కూల్లో వేయాలి, ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి. అన్నీ ఒకేసారి మీద పడతాయి.

[తెర మీద: మ్యాప్. పఠాన్‌కోట్, తేజ్‌పూర్, జైసల్మేర్, సికింద్రాబాద్]

సర్కారు ఇంటికి దరఖాస్తు పెడితే ముందు అడిగేది ఇక్కడి అడ్రస్, రేషన్ కార్డు. దేశం పంపిన చోటికల్లా వెళ్లినవాడికి స్థానికత ఎక్కడినుంచి వస్తుంది? ఇంగ్లండ్‌లో 2012లోనే దీనికి రూల్ మార్చారు. సైన్యం వదిలి ఐదేళ్లు దాటనివాళ్లను స్థానికులు కాదన్న కారణంతో పక్కన పెట్టకూడదని అప్పుడు పెట్టిన రూల్ చెప్పింది.

రెండో అడ్డంకి ఆదాయం. పీఎం ఆవాస్ పట్టణ పథకంలో పేద వర్గానికి పరిమితి ఏడాదికి 3 లక్షలు. పెన్షన్ నెలకు 25 వేలు దాటిందంటే ఆ గీత దాటినట్టే. ఆ డబ్బుతో నగరంలో ఫ్లాట్ మాత్రం రాదు. 1978లో పెట్టిన ఆర్మీ వెల్ఫేర్ హౌసింగ్ ఆర్గనైజేషన్ లాభం చూసుకోకుండా కట్టిస్తుంది, నిజమే. కానీ భూమి ధర, నిర్మాణ ఖర్చు కొనేవాళ్లే భరించాలి. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు, దానికి సొంత జాగా కావాలి.

"మరి ఇల్లు లేని కూలీ ఏం పాపం చేశాడు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ముందు వరస పెద్ద పెన్షన్ ఉన్న కల్నల్ గారికి కాదు. సొంతిల్లు లేని జవానుకు, అంగవైకల్యంతో వచ్చినవాడికి, వీరనారికి అంటే అమరుడైన జవాను భార్యకు ఇవ్వాలి. హైదరాబాద్ పక్కన కొల్లూరులో ఒక్కచోటే 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టారు. అందులో వీళ్లకు నూటికి రెండు చొప్పున లెక్కేసినా 313. మిగతావాళ్ల నోటి దగ్గర కూడు లాగినట్టు కాదు.

[తెర మీద: డిశ్చార్జ్ బుక్, పెన్షన్ ఆర్డర్]

మీ ఇంట్లో మాజీ సైనికులుంటే ఈ రెండు కాగితాల జిరాక్సులతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఏ ఇళ్ల పథకానికి అర్హత ఉందో అడగండి. ఆ సైనికుడు చనిపోయి ఉంటే, పెన్షన్ కాగితాల్లో ఆయన భార్య పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయా చూడండి. ఒక్క అక్షరం తేడాకే దరఖాస్తు ఆగిపోవచ్చు.