మియాటా వెనక షాక్ మౌంట్: పాత ఎన్ఏ కారుకి ఎన్‌బీది వేయొచ్చా?

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు నుంచే మాట్లాడుతున్నాను. వెనక సుత్తి చప్పుళ్లు వినిపిస్తాయి, ఏమీ అనుకోకండి.

మా బావ డల్లాస్‌లో 1995 మాజ్డా మియాటా నడుపుతున్నాడు, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. గతుకు వస్తే చాలు, వెనక ఠంగుమని కొట్టేది. షాకులు పోయాయనుకుని కొత్తవి వేయించాడు. మోత మాత్రం తగ్గలేదు. చివరికి మౌంట్లు, అంటే షాక్ పై కొసను కారు బాడీకి పట్టి ఉంచే ముక్కలు, మార్చాడు. మొన్న ఇక్కడికి వస్తూ విప్పిన పాతదొకటి, నాకోసం అదనంగా కొన్న ఎన్‌బీదొకటి చొక్కాల్లో చుట్టి తెచ్చాడు.

1989లో వచ్చిన మొదటి తరం మియాటా ఎన్ఏ, బావది అదే. 1998 నుంచి వచ్చిన రెండో తరం ఎన్‌బీ. ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. ఎన్‌బీ మౌంట్‌లో రబ్బరు బుష్ కూర్చునే గిన్నె పైకి లేచి ఉంది కదా? అక్కడే ఉంది అసలు తేడా. షాక్ రాడ్‌ను బిగించే చోటు పైకి జరిగింది కాబట్టి, చక్రం పైకి లేచినప్పుడు షాక్ వెళ్లి బంప్ స్టాప్‌కి (చివర్లో అడ్డుపడే మెత్తటి దిమ్మకి) గుద్దుకునే లోపు ఇంకొంచెం దూరం దొరుకుతుంది. ఎన్ఏలో వెనక ఆ దూరం మొదటి నుంచీ తక్కువే. పొట్టి స్ప్రింగులు వేసి కారును దించితే ఇంకా తగ్గుతుంది. స్ప్రింగ్ గట్టిగా ఉందని మనం తిట్టుకుంటాం కానీ, అప్పటికి కారు బంప్ స్టాప్ మీదే కూర్చుని ఉంటుంది.

మా మేస్త్రీ దీన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి "బేరింగ్ ఏదండీ?" అన్నాడు. మంచి ప్రశ్న. మన స్విఫ్ట్‌లో స్టీరింగ్ తిప్పితే ముందు స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ కలిసిన కాలు) కూడా తిరుగుతుంది, అందుకే పైన బేరింగ్ కావాలి. మియాటాకి ముందూ వెనకా డబుల్ విష్‌బోన్. చక్రాన్ని పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టుకుంటాయి. ముందు చక్రాలు తిరిగినా షాక్ తిరగదు, కాబట్టి బేరింగ్‌తో పనిలేదు.

నా మాట అడిగితే, ఎన్ఏ ఉన్నవాళ్లు ఖరీదైన కాయిలోవర్ల (ఎత్తు మార్చుకునే స్ప్రింగ్-షాక్ సెట్ల) జోలికి వెళ్లే ముందు ఇది చేయించండి. మౌంట్ ఒక్కటే కొనకండి. బుష్‌లు, బంప్ స్టాప్ కూడా ఎన్‌బీవే తీసుకోండి.

2005లో వచ్చిన మూడో తరం ఎన్‌సీ దగ్గర ఈ లెక్క పనిచేయదు. దాని సస్పెన్షన్ మాజ్డాదే ఇంకో కారు ఆర్ఎక్స్-8కి దగ్గరి చుట్టం, వెనక మల్టీలింక్ (చక్రాన్ని ఎక్కువ ఆర్మ్‌లు పట్టుకునే పద్ధతి), వీల్ బోల్టులు కూడా ఐదు. 2015లో వచ్చిన నాలుగో తరం ఎన్‌డీలో బోల్టులు మళ్లీ నాలుగయ్యాయి కానీ సస్పెన్షన్ వేరే. "అన్ని మియాటాలకూ సరిపోతుంది" అని రాసి ఉంటే ఆ పార్ట్ కొనకండి.

మంచు పడే ఊళ్లలో ఉన్నవాళ్లకి ఒక్క మాట. రోడ్డు మీద చల్లే ఉప్పుకి కింది ఆర్మ్‌ల కామ్ బోల్టులు (తిప్పితే ఆర్మ్‌ను కొంచెం జరిపేవి) తుప్పుతో బిగుసుకుపోతాయి. అలైన్‌మెంట్ సెట్ చేసేది వాటితోనే. ఆర్మ్‌లు కూడా విప్పాల్సి వస్తే ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. స్పానర్ పెట్టే ముందు కామ్ ఏ గీత మీద ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి.