బీల కోసం ఎందుకంత పట్టుదల? ఉద్దానం రైతుల కథ

[తెర మీద: సోంపేట బీల. నీళ్లు, గడ్డి, వెనక కొబ్బరి తోటలు]

2010 జులై 14, శ్రీకాకుళం జిల్లా సోంపేట. థర్మల్ ప్లాంటు వద్దంటూ బీలలోకి, అంటే నీళ్లు నిలిచే చిత్తడి నేలలోకి, దిగిన రైతులు, మత్స్యకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. సరిగ్గా అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ ఉత్తర్వు ఒక్క రోజు ముందొచ్చుంటే!

సర్కారు కళ్లకి ఆ బీల బంజరు. మరి జనం ఎందుకు వదల్లేదు?

[మ్యాప్: పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం]

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఇదంతా ఉద్దానం. పైనంతా ఇసుక నేల, వాన పడగానే ఇంకిపోతుంది. అందుకే ఇక్కడ బతుకంతా చెట్టు మీదే. కొబ్బరి, జీడి, పనస. పలాస జీడిపప్పు ఎవరికి తెలీదు? (ఇప్పుడు అక్కడి ఫ్యాక్టరీలకి ఆఫ్రికా నుంచి కూడా పిక్కలొస్తున్నాయి, అది వేరే సంగతి.) ఇసుక దిబ్బల వెనక పల్లంలో నీరు చేరే చోటు బీల. వరికి తడి, వలకి చేప, పశువుకి మేత, బావికి ఊట అక్కడి నుంచే. దాన్ని పూడిస్తే ఏమవుతుందో రైతుకి ఒకరు చెప్పాలా?

ఎదురు తిరగడం ఈ నేలకి కొత్త కాదు. 1940లో మందస జమీందారీలో అడవి కట్టెల మీద హక్కు కోసం రైతులు లేచారు. గుడారి రాజమణిపురంలో పోలీసులకి అడ్డం నిలబడిన గున్నమ్మ తూటాకి బలైంది. అప్పటికామె గర్భిణి.

అంతకు నాలుగేళ్ల ముందే, 1936లో, ఒడిశా వేరుపడింది. బరంపురం అటు, ఇచ్ఛాపురం ఇటు. బంధుత్వాలు, బేరాలు మాత్రం గీత దాటి నడుస్తూనే ఉన్నాయి. పెద్ద జబ్బు చేస్తే బరంపురం ఆసుపత్రికి పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఇంకో వీడియో చేయాలి, రెండు ముక్కల్లో తేలేది కాదు.

[తెర మీద: నేలకూలిన కొబ్బరి చెట్లు]

2018 అక్టోబరు 11, తిత్లీ తుపాను. రాత్రికి రాత్రే తోటలు పడిపోయాయి. వరి పోతే వచ్చే ఏడు మళ్లీ నాటొచ్చు. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే 6, 7 ఏళ్లు. అందాకా ఇల్లు గడవాలిగా! చాలామంది ఊరొదిలి కూలి పనులకి పోయారు. సర్కారు చెట్టుకింత అని పరిహారం కట్టింది. ఏటా కాయలిచ్చే చెట్టుకి ఒక్కసారి ఇచ్చే డబ్బు ఎలా సరిపోతుందో, నాకైతే లెక్క కుదరట్లేదు.