కాగితాన్ని నమ్మిన డాక్టర్ బాబు
(తెనాలిలో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక రిటైర్డ్ లాబ్ టెక్నీషియన్ ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ వరసగా చదవమని కార్యదర్శిగారు చీటీ రాసిచ్చారు. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాను. కాబట్టి అందరికీ కలిపి ఒకటే నమస్కారం, ఎవరూ ఏమీ అనుకోకండి. ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లలకు మాత్రం ఇంకో నమస్కారం. బొమ్మల పోటీ బహుమతులు నా మాటలయ్యాకే ఇస్తారట. నేను తొందరగా దిగిపోవాలని ఈ హాల్లో మనసారా కోరుకునేది వాళ్లే.

నాకిచ్చిన అంశం 'టీవీ సీరియళ్లలో యువ దంపతులు: నమ్మకం, అనుమానం'. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని కాదు. 31 ఏళ్లు రక్త పరీక్షలూ మూత్ర పరీక్షలూ చేసి రిటైరైనదాన్ని. మరి నన్నెందుకు పిలిచారంటే, పోయిన నెల ఇదే లైబ్రరీలో పేపరు చదువుకుంటూ కార్తీకదీపం మీద ఒకాయనతో గొడవ పెట్టుకున్నాను. 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డున్న గోడ కిందే. ఆ గొడవకి కార్యదర్శిగారు వేసిన శిక్ష ఇది.

కార్తీకదీపం అసలు చూడనివాళ్లు ఎంతమంది, చేతులెత్తండి. సరే, దించండి. సగం మంది అబద్ధం చెబుతున్నారు.

2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా, పదిహేను వందల ఎపిసోడ్లు దాటి నడిచింది. కథ మనది కాదు, మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' నుంచి తెచ్చుకున్నది. దీపగా వేసిన ప్రేమి విశ్వనాథ్ అక్కడా నటించింది. కార్తీక్‌గా మన నిరుపమ్. ఏడున్నర అయ్యేసరికి మా వీధిలో కుక్కర్లు కూతలాపేసేవి. సీరియల్ అయిపోయాక అదే జంటతో కొత్త కథ కట్టి 2024 మార్చిలో మళ్లీ మొదలెట్టారు. అది వేరే సంగతి, దాని జోలికి పోను.

డాక్టర్ బాబు నల్లటి పిల్ల దీపను ఇష్టపడి చేసుకున్నాడు. తోటి డాక్టరు మోనితకు అతనంటే పిచ్చి. తప్పుడు రిపోర్టుతో, నీకు పిల్లలు పుట్టే యోగం లేదని అతన్ని నమ్మించింది. తర్వాత దీప నెల తప్పింది. ఇంకేముంది, విహారి అనే ఆయన పేరు పట్టుకుని మొగుడు గుండెలు బాదుకున్నాడు, ఆ పిల్ల ఇల్లు దాటింది. వంటలు చేసి బతికి వంటలక్కైంది. కవలలు పుడితే ఒకదాన్ని అత్తగారు గుట్టుగా తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. కన్నకూతుర్నే పెంపుడు కూతురనుకుని ఏళ్లకేళ్లు ఎత్తుకు తిరిగాడు మహానుభావుడు.

లైబ్రరీలో ఆయన నాతో అన్నది, మీరందరూ అనేదే. "ఒక్క డీఎన్ఏ టెస్టు చేయిస్తే మొదటి నెలలోనే అయిపోయే కథండీ, అయిదేళ్లు సాగదీశారు." నవ్వొస్తుంది కదా? నాకూ మొదట్లో వచ్చేది.

డీఎన్ఏ మాట వచ్చింది కనుక ఒక ముచ్చట. మన దేశంలో ఈ పరీక్షతో తేలిన మొదటి పితృత్వ కేసు కేరళది, తలశ్శేరి కోర్టులోది. పరీక్ష జరిగింది ఎక్కడనుకున్నారు? హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో, శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారి చేతుల మీద. అంటే కథా అక్కడిదే, కేసూ అక్కడిదే, పరీక్ష మాత్రం మనది. అలాంటి హైదరాబాదులో ఉంటూ డాక్టర్ బాబుకి ఆ దారి తోచలేదంటే మనకు వింతగా ఉంటుంది. కానీ చట్టం కూడా ఆ దారిని అంత తేలిగ్గా తెరవదు. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అంటుంది 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్. ఇప్పుడు కొత్త చట్టంలో అది 116. ఆ రోజుల్లో ఇద్దరూ కలుసుకునే వీలే లేదని భర్త రుజువు చేసుకోవాలి. 2014లో సుప్రీంకోర్టు ఒక కేసులో డీఎన్ఏ రిపోర్టు వైపే మొగ్గింది, నిజమే. కానీ 2023లో అదే కోర్టు, భార్యాభర్తల తగాదాల్లో పిల్లలకు ఎడాపెడా డీఎన్ఏ పరీక్షలు చేయించడానికి వీల్లేదంది.

ఇది చెబితే ఆయన ఒప్పుకోలేదు. అక్కడే నా గొంతు పెరిగింది. ఎందుకంటే నా బాధ డీఎన్ఏ కాదు. డాక్టర్ బాబుకి ఇంకో పరీక్ష కావలసింది కాదండీ. ఉన్న పరీక్షే ఇంకోసారి కావలసింది.

పిల్లలున్నారు కనుక 'కౌంట్ పరీక్ష' అని మాత్రం అంటాను, పెద్దవాళ్లకు అర్థమవుతుంది. ఆ పరీక్షకి రెండు నుంచి ఏడు రోజుల నియమం ఉంటుంది. శాంపిల్ ఇచ్చిన టైము రాయాలి, గంటలోపు చూడాలి. గళ్లు గీసిన గాజు చాంబర్‌లో బొట్టు వేసి, మైక్రోస్కోపు కింద గడి గడికీ లెక్కపెట్టాలి. ఒక్కటీ కనబడకపోతే శాంపిల్‌ని మెషీన్‌లో గిరగిరా తిప్పి, అడుగున చేరినదాన్ని మళ్లీ చూడాలి. అప్పుడు కూడా లేకపోతేనే 'నిల్' అని రాయాలి. అంతా చేశాక కూడా, కొన్ని వారాలాగి రెండోసారి చేయించమంటాం. ఎందుకంటే గట్టి జ్వరం వచ్చి తగ్గినా రెండు మూడు నెలలు లెక్క తారుమారవుతుంది. ఇంతెందుకు, మామూలు అని చెప్పే గీతే కదులుతూ వచ్చింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మిల్లీలీటరుకి రెండు కోట్లుండాలనేవారు. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోటిన్నర అంది. 2021లో కోటీ అరవై లక్షలంది.

మరి డాక్టర్ చదువు చదివినవాడు, ఒక్క కాగితం పట్టుకుని ఏళ్ల తరబడి పెళ్లాన్ని ఏడిపిస్తాడా? మా లాబ్‌లో ఆయా కూడా "ఇంకోసారి చేయించుకోండయ్యా" అని చెప్పేది!

నాకింకో కోపం ఉంది. సీరియళ్లలో లాబ్ మనిషికి రెండే పనులు. కవరు అందించడం, లంచం తీసుకోవడం. మొహం కూడా సరిగ్గా చూపించరు. లంచం తీసుకోకుండానే, ఏ మోనితా లేకుండానే, రిపోర్టు తప్పు రావచ్చని ఏ రచయితకూ తట్టదు. నాకు తెలుసు. చెబుతాను. కార్యదర్శిగారూ, గడియారం చూడకండి. ఇది చెప్పడానికే ఒప్పుకున్నాను నేను.

1994. ఉద్యోగంలో చేరి మూడేళ్లు. మందుల షాపు మీద మేడ, రెండు గదుల లాబ్. ఊరి పేరూ లాబ్ పేరూ వద్దు. ఒకే సోమవారం ఇద్దరు మగవాళ్లు కౌంట్ పరీక్షకి వచ్చారు. ఇద్దరిదీ ఒకే పేరు. మా వైపు బస్సులో ఆ పేరు పెట్టి పిలిస్తే ముగ్గురు తల తిప్పుతారు. ఇంటిపేరు మొదటి అక్షరం కూడా ఒకటే. రిజిస్టర్లో 14, 17 నంబర్లు. లెక్క సరిగ్గానే కట్టాను, రిజిస్టర్లో సరిగ్గానే రాశాను. సాయంత్రం కరెంటు పోయింది. కొవ్వొత్తి పెట్టుకుని రిపోర్టులు టైపు కొట్టాను. 14 వాడిది 17 కాగితం మీద, 17 వాడిది 14 కాగితం మీద. డాక్టరుగారు చూడకుండా సంతకాలు పెట్టారు. ఆయన్ని అనను. కొట్టింది నేను.

మూడో రోజు పొద్దున్నే ఒక జంట మెట్లెక్కి వచ్చింది. చేతినిండా ఆకుపచ్చ మట్టిగాజులేసుకున్న పిల్ల, ఇరవై కూడా ఉండవు. అతను గుమ్మం దగ్గరే ఆగిపోయి తన చెప్పుల వైపు చూస్తున్నాడు. ఆ పిల్ల చీరల షాపు కవరులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పరిచింది. ఒకటి నా రిపోర్టు, నిల్. రెండోది ముందేడు గుంటూరులో చేయించింది, అందులో అంతా బాగుంది.

"అక్కా, నిరుడున్నవి ఈ ఏడు ఎక్కడికి పోతాయక్కా?" అంది.

ఏడుపు లేదు, దెబ్బలాట లేదు. సంతలో తూకం తేడా వస్తే అడిగినట్టు అడిగింది. ఆ రెండు రాత్రులూ అతను అన్నం ముట్టలేదట. "నన్ను వదిలేసి ఇంకో పెళ్లి చేసుకో" అన్నాడట. ఈ పిల్ల ఏమందో తెలుసా? "నిన్ను తర్వాత వదిలేస్తాగానీ, ముందు ఆ కాగితం ఇటివ్వు" అందట.

రిజిస్టర్ తీశాను. 14. 17. నోట్లో తడారిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేసి, డబ్బులు తిరిగిచ్చి, చేతులు పట్టుకున్నాను. అతను మొదటిసారి తలెత్తాడు. తిడతాడనుకున్నాను. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు. కిటికీలోంచి చూశాను, ఎదురు కొట్టు దగ్గర చెరో గోలీసోడా తాగుతున్నారు. ఆ పిల్ల ఏదో అంటే అతను నవ్వి పొలమారి దగ్గాడు.

చూశారా అమ్మా, ఆ పిల్లకీ అనుమానం వచ్చింది. గట్టిగానే వచ్చింది. కాగితం మీద వచ్చింది, మొగుడి మీద కాదు. డాక్టర్ బాబుకీ వచ్చింది అనుమానం. పెళ్లాం మీద వచ్చింది, కాగితం మీద రాలేదు. పెద్ద ఇల్లు, కారు, డాక్టరు డిగ్రీ అన్నీ ఉన్నవాడికి ఆ గోలీసోడా తెలివి లేకపోయింది. అతన్ని మోసం చేసింది మోనిత, కాదనను. కానీ "ఇదేంటి దీపా" అని ఆ కాగితం ముందు పెళ్లాం ముందు పెట్టుంటే మోనిత ఏం చేయగలిగేది చెప్పండి?

ఇక్కడితో ఆపితే బాగుంటుంది. చాలా చోట్ల ఇక్కడితోనే ఆపాను కూడా. మా ఇంట్లో కూడా ఈ కథ గోలీసోడా దాకానే తెలుసు.

17 వాడు రాలేదు. అతని చేతికి వెళ్లింది మంచి రిపోర్టు. అంతా బాగుందని సంతకంతో సహా రాసున్న కాగితం తీసుకుని మళ్లీ ఎవడొస్తాడు? నేనే రెండు వారాలు ఎదురుచూశాను. డాక్టరుగారు "పోనీలేమ్మా, మళ్లీ వస్తే చూద్దాం" అన్నారు. రిజిస్టర్లో ఊరి పేరు మాత్రం ఉంది, డోర్ నంబరు లేదు. ఫోన్లు ఎక్కడివి అప్పుడు? కార్డు రాద్దామంటే పోస్ట్‌మ్యాన్ దగ్గర్నుంచి అందరూ చదువుతారు. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లాను. సైకిల్ షాపులో అడిగితే ఆ పేరుగలవాళ్లు ముగ్గురున్నారన్నారు. పిల్లల్లేనాయన అని అడగలేక అడిగాను. వెంటనే ఇల్లు చూపించారు.

అతను పొలం వెళ్లాడు. వరండాలో తల్లి కూర్చునుంది. ఎవరమ్మా అంటే, పట్నంలో లాబ్ నుంచి వచ్చానన్నాను, అంతవరకే అన్నాను. ఆవిడ మొహం వెలిగింది. "మావాడికి అన్నీ బాగున్నాయని మీరేగా రాసిచ్చింది! కాగితం దేవుడి గూట్లో పెట్టాను. ఇహ తేలాల్సింది ఈవిడ సంగతే" అని పెరటి వైపు చెయ్యి చూపించింది. అక్కడ కోడలు వంగి అంట్లు తోముతోంది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా లోపం ఉంటుందని నాకు తెలుసు. ఆ ఇంట్లో ఎటుందో లోకంలో నా ఒక్కదానికే తెలుసు. నోరు పెగల్లేదు. కొడుకు లేనప్పుడు తల్లికి చెప్పేదా? పెరట్లోకి వెళ్లి ఆ పిల్లకి చెప్పేదా? ఇటుగా వెళుతూ పలకరిద్దామని ఆగానన్నాను. ఆవిడ లోపలికెళ్లి మజ్జిగ తెచ్చిచ్చింది. తాగి, మూడింటి బస్సుకి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

కార్తీకదీపం ఒక్క రోజు మానకుండా ఎందుకు చూశావని మా అమ్మాయి అడిగేది. ఇందుకే చూశాను. ఎవరో ఒకరు, ఒక టెక్నీషియనో గుమాస్తానో, దీప గుమ్మం ముందుకొచ్చి "అమ్మా, తప్పు మాది" అని చెబుతారేమోనని. మోనిత గుట్టు బయటపడిందిలెండి చివరికి, కానీ నాక్కావలసింది అది కాదు.

ఇక్కడ మూడు నాలుగు మండలాల వాళ్లున్నారు. ఆడవాళ్లూ, మీ ఇళ్లలో, మీ వైపు, అంతా బాగుందని రాసున్న పాత కాగితాలేమైనా దేవుడి గూళ్లలో ఉంటే తీసి చూడండి. టైపు కాగితం, కింద ఎడంపక్క పచ్చ సిరాతో నా పొడి అక్షరాలుంటాయి. 17 నంబరు. నేను ఇదే వీధిలో ఉంటాను, లైబ్రరీలో అడిగితే చెబుతారు.

సరే, పిల్లలు కదులుతున్నారు. ఒక్క మాట సరిచేసి దిగిపోతాను. మజ్జిగ తెచ్చిచ్చింది అత్తగారన్నాను ఇందాక. కాదు. ఆవిడ కేకేస్తే, అంట్లు వదిలేసి, చేతులు కడుక్కుని, కొంగుతో గ్లాసు అడుగు తుడిచి ఆ పిల్లే తెచ్చింది. "ఉప్పు సరిపోయిందా అక్కా" అని అడిగింది.