సిక్లగు బూడిదలో దావీదుకు ధైర్యం ఎక్కడ దొరికింది?

[తెర మీద: కాలిపోయిన ఊరు. సంగీతం లేదు, గాలి చప్పుడు మాత్రమే.]

అందరికీ వందనాలు.

ఆరు వందల మంది మగవాళ్లు ప్రయాణం చేసి మూడో రోజున సొంత ఊరు చేరారు. ఊరు లేదు, కాలిపోయింది. భార్యలను, కొడుకులను, కూతుళ్లను అమాలేకీయులు అనే శత్రు జాతివాళ్లు చెరపట్టుకుపోయారు. ఆ ఊరి పేరు సిక్లగు. ఆ మనుషుల నాయకుడు దావీదు, తర్వాత ఇశ్రాయేలుకు రాజైనవాడు. ఆయన ఇద్దరు భార్యలు, అహీనోయము, అబీగయీలు కూడా చెరలోకి పోయినవాళ్లలో ఉన్నారు.

ఇది బైబిల్లో 1 సమూయేలు 30వ అధ్యాయం. దావీదు గొల్యాతు అనే భారీ యోధుణ్ణి చంపిన కథ చెప్పినంతగా ఈ కథ ఎవరూ చెప్పరు. కష్టంలో ఉన్న విశ్వాసికి నేనైతే ముందు ఇదే చదవమంటాను.

వాళ్లు మొదట చేసిన పని ఏడవడం. ఇక ఏడవడానికి ఓపిక లేనంతగా ఏడ్చారని వాక్యం చెబుతోంది. యుద్ధాల్లో ఆరితేరిన మగవాళ్లు, దావీదుతో సహా. "విశ్వాసం ఉంటే కన్నీళ్లెందుకు?" అని ఓదార్చడానికి వచ్చి మరీ అడిగేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు ఈ ఒక్క వచనం చూపిస్తే చాలు. ఆ ఏడుపును దేవుడు తప్పు పట్టినట్టు ఈ అధ్యాయంలో ఎక్కడా లేదు.

[తెర మీద: చేతుల్లో రాళ్లు. ముఖాలు కనిపించవు.]

ఏడుపు తర్వాత కోపం వచ్చింది. పిల్లలను పోగొట్టుకున్నవాళ్లకు ప్రాణం విసికిపోయింది. దావీదును రాళ్లతో కొట్టి చంపుదామని మాట్లాడుకున్నారు. అంటే దావీదుకు ఇల్లు పోయింది, కుటుంబం పోయింది, ఇప్పుడు వెంట ఉన్నవాళ్లూ పోయారు.

ఇంకో సంగతి. దావీదు అసలు ఈ ఊళ్లో ఎందుకు ఉన్నాడు? 27వ అధ్యాయంలో, తనను చంపాలని చూస్తున్న ఇశ్రాయేలు రాజు సౌలు చేతిలో ఏదో ఒక రోజు చస్తానని తన మనసులో తానే అనుకుని, ఇశ్రాయేలుకు శత్రువులైన ఫిలిష్తీయుల దేశానికి వెళ్లిపోయాడు. అక్కడి గాతు పట్టణపు రాజు ఆకీషు ఇచ్చిన ఊరే సిక్లగు. ఒక సంవత్సరం నాలుగు నెలలు అక్కడే గడిపాడు. ఆ నిర్ణయం ముందు దేవుణ్ణి అడిగినట్టు రాసి లేదు. భయం చెప్పింది, ఆయన విన్నాడు. కాబట్టి సిక్లగు బూడిదలో నిలబడ్డప్పుడు "నా వల్లే కదా ఇదంతా" అన్న ఆలోచన కూడా ఆయనకు వచ్చి ఉండొచ్చు. అది నా ఊహే. కానీ కష్టంలో ఉన్నప్పుడు మనల్ని ఎక్కువగా తినేసేది అలాంటి ఆలోచనే.

సరిగ్గా అక్కడే ఆ మాట వస్తుంది.

[తెర మీద అక్షరాలు: "దావీదు తన దేవుడైన యెహోవాను బట్టి ధైర్యము తెచ్చుకొనెను."]

"ధైర్యము తెచ్చుకొనెను." హెబ్రీలో ఈ క్రియకు తనను తాను బలపరచుకోవడం అని అర్థం. ఇదే క్రియ ఇంకో రూపంలో 23వ అధ్యాయంలో కూడా ఉంది. అక్కడ దావీదు అడవిలో దాక్కుని ఉంటే స్నేహితుడు యోనాతాను వెతుక్కుంటూ వచ్చి, దేవుని బట్టి అతణ్ణి బలపరిచాడు. సిక్లగులో యోనాతాను లేడు. ఎక్కడో తండ్రి సౌలుతో పాటు యుద్ధంలో ఉన్నాడు. ఒకప్పుడు స్నేహితుడు చేసిన పని ఇప్పుడు దావీదు తనకు తానే చేసుకోవాల్సి వచ్చింది. మనకూ అలాంటి రాత్రులు వస్తాయి. సంఘం ఉంటుంది, ఫోన్‌లో నంబర్లు ఉంటాయి, కానీ ఆ గంటలో ఎవరూ ఉండరు.

ఎలా బలపరచుకున్నాడో వాక్యం వివరించలేదు. అయితే దావీదు అలవాటు మనకు తెలుసు. గొల్యాతు ముందుకు వెళ్లేటప్పుడు సింహం నుంచి, ఎలుగుబంటి నుంచి తనను కాపాడినవాడు ఇప్పుడూ కాపాడతాడని చెప్పాడు. 103వ కీర్తనలో దేవుడు చేసిన ఉపకారాల్లో దేన్నీ మరచిపోవద్దని తన ప్రాణానికి తానే చెప్పుకుంటాడు. ఇంతకుముందు చేసినవాడు ఇప్పుడు మారిపోలేదు అని మనసుకు గుర్తు చేయడమే ఆయన పద్ధతి. టెన్షన్‌లో మనసు చెప్పేది వినడం తేలిక. మనసుకు మనం చెప్పడమే కష్టం.

తర్వాత యాజకుడైన అబ్యాతారును పిలిచి ఏఫోదు తెమ్మన్నాడు. ఏఫోదు అంటే యాజకుడు వేసుకునే వస్త్రం, దేవుని చిత్తం తెలుసుకోవడానికి వాడేది. "తరమనా? కలుసుకుంటానా?" అని దేవుణ్ణి అడిగాడు. భార్యాపిల్లలను ఎత్తుకుపోతే తరమడానికి అడగాల్సిన పనేముంది అనిపిస్తుంది. కానీ ఒకసారి అడగకుండా నడిచినవాడు ఈసారి అడిగి కదిలాడు. తరుము, అందరినీ దక్కించుకుంటావు అని జవాబు వచ్చింది.

దారిలో పొలంలో ఒక ఐగుప్తీయుడు పడి ఉన్నాడు. జబ్బు చేస్తే అమాలేకీయుడైన యజమాని వదిలేసి పోయాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు తిండి లేదు, నీళ్లు లేవు. అంత తొందరలో కూడా వాళ్లు ఆగి అతనికి రొట్టె, నీళ్లు, అంజూరపు ముక్క, ఎండుద్రాక్ష పెట్టారు. అతనే శత్రువుల దగ్గరికి దారి చూపించాడు. పోయిన ప్రతి ఒక్కరూ తిరిగి దొరికారు.

[తెర కాసేపు ఖాళీ.]

ఇక్కడ ఆపేస్తే వీడియో బాగుంటుంది. కానీ అది అబద్ధం అవుతుంది. నమ్మితే అన్నీ తిరిగి వస్తాయి అని ఈ కథను వాడుకునేవాళ్లు ఉన్నారు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే ఒక బాధ, తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. దేవుడు ముల్లు తీయలేదు, నా కృప నీకు చాలును అన్నాడు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం చూడండి. 34వ వచనంలో కొందరు విశ్వాసం వల్ల కత్తి వాత నుంచి తప్పించుకున్నారు. 37వ వచనంలో కొందరు అదే కత్తితో చనిపోయారు. రెండు గుంపులూ విశ్వాసం వల్ల సాక్ష్యం పొందినవాళ్లే. దావీదుకు ధైర్యం వచ్చింది కూడా కుటుంబం దొరికాక కాదు, ఇంకా బూడిదలో నిలబడి ఉన్నప్పుడే.

చివరగా ఆ రెండు వందల మంది గురించి. తరుముకుంటూ వెళ్తుంటే బెసోరు వాగు దగ్గర ఆరు వందల మందిలో రెండు వందల మంది అలసిపోయి సామాను దగ్గర ఆగిపోయారు. వాళ్ల భార్యాపిల్లలు కూడా చెరలోనే ఉన్నారు, అయినా కాళ్లు కదల్లేదు. మీలో కొందరు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉండి ఉంటారు. ప్రార్థన చేయాలని ఉంటుంది, మాట రాదు. గెలిచి వచ్చిన నాలుగు వందల మందిలో కొందరు "మాతో రాలేదు కదా, వీళ్లకు సొమ్ములో వాటా ఇవ్వం, భార్యాపిల్లలను తీసుకుని పొమ్మనండి" అన్నారు. దావీదు ఒప్పుకోలేదు. ఇది యెహోవా మనకిచ్చింది, సామాను దగ్గర ఉన్నవాళ్లకూ సమాన భాగమే అన్నాడు. తర్వాత అదే ఇశ్రాయేలులో కట్టడ, అంటే చట్టం, అయింది.

[తెర మీద: వాగు ఒడ్డున కూర్చున్న మనుషులు. దూరం నుంచి ఒకాయన వాళ్ల వైపు నడిచి వస్తుంటాడు.]

ఆ గొడవ మొదలవకముందు జరిగిన ఒక చిన్న సంగతి 21వ వచనంలో ఉంది. తిరిగి వస్తున్న దావీదు వాగు దగ్గర ఆ రెండు వందల మందిని చూశాడు. ఎందుకు ఆగిపోయారని అడగలేదు. దగ్గరికి వెళ్లి, వాళ్ల యోగక్షేమం అడిగాడు.