మరిగించినా పోని ఫ్లోరైడ్

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ బోరు నీళ్ళ గురించి మాట్లాడుకుందాం. మా అమ్మమ్మ బిందెలో నీళ్ళు మురికిగా ఉంటే చిల్లగింజ అరగదీసి కలిపేది, తెల్లారేసరికి మడ్డంతా అడుక్కి పోయి పైన నీళ్ళు తేటగా ఉండేవి. తేటగా ఉంటే చాలు, మంచినీళ్ళే అనుకుంటాం కదా. ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు కూడా తేటగానే ఉంటాయండీ, వాసన కూడా ఉండదు.

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు వెళ్ళినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, పళ్ళ మీద గోధుమ రంగు గార, వంకర తిరిగిన కాళ్ళు, నిటారుగా నిలబడలేని నడుములు, ఇదంతా ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగడం వల్లే. అక్కడి గ్రానైట్ రాళ్ళలోంచే ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా పర్లేదని మన ప్రమాణం.

1970ల్లో నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ సైంటిస్టులు దీనికో దారి కనిపెట్టారు, నాకది చాలా ఇష్టం, ఎందుకంటే అందులో వాడేవి పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్, అంతే. బకెట్ నీళ్ళలో ఇవి లెక్క ప్రకారం వేసి పది నిమిషాలు కలియబెడితే విరిగిన పాలలా తెల్లటి తునకలు కడతాయి, అవి ఫ్లోరైడ్‌ని పట్టుకుని మెల్లగా అడుక్కి దిగుతాయి, గంటాగి పైన నీళ్ళు తీసుకోవాలి. దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు, అది టాంజానియా, ఇథియోపియా పల్లెల దాకా వెళ్ళింది, తల్చుకుంటే గర్వంగా ఉంటుంది నాకు. అయితే పటిక ఎంత వెయ్యాలన్నది ఆ నీళ్ళని బట్టి మారుతుంది, ఉజ్జాయింపుగా వేసేది కాదు.

ఇప్పుడు మిషన్ భగీరథ మంచినీళ్ళ పథకం పైపుల్లో కృష్ణా నీళ్ళొస్తున్నాయి, మంచిదే. కానీ పొలం దగ్గర దాహమేస్తే బోరు నీళ్ళే కదా తాగేది! మరిగించి తాగుతున్నాంలే అంటారు కొందరు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. మళ్ళీ చెప్తున్నా, మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

అందుకే ఒక్కసారి టెస్ట్ చేయించండి. బోరు కాసేపు వదిలేసి, లీటరు ప్లాస్టిక్ బాటిల్‌ని ఆ నీళ్ళతోనే రెండు మూడుసార్లు తొలిచి నింపండి, గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తప్పొచ్చు. మూత బిగించి, ఏ బోరు, ఏ తేదీ అని రాసి, మీ జిల్లా గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌లో ఇవ్వండి.